ఫైటర్ చేపల బ్రీడింగ్, పిల్లల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్, వంటింటి పక్కనున్న వాష్ ఏరియాలో ఒక ఇనుప రాక్, దాని మీద ట్యాంకులు, సీసాలు. నా బ్రీడింగ్ అంతా అక్కడే. ఈ మధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఒకే జవాబు పదిసార్లు టైప్ చేస్తున్నాను కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. చాలామంది అడిగేది గుడ్లు పెట్టించడం గురించి. అది జంట కుదిరితే ఒక పూటలో అయిపోయే పని. ఆ తర్వాత మూడు నెలలు ఆ పిల్లల్ని బతికించుకోవడమే అసలు పని, అందుకే ఇందులో సగానికి పైగా దాని గురించే ఉంటుంది.

ఫైటర్ చేప, బెట్టా ఒకటేనా?

ఒకటే. శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. సొంత ఊరు థాయ్‌లాండ్, అక్కడి వరి పొలాలు, బురద గుంటలు, నిలవ నీళ్ళ కాలవలు. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. థాయ్ భాషలో పేరు ప్లా కాట్, అంటే కరిచే చేప. మన షాపుల్లో ‘ప్లాకట్’ అని అమ్మేది పొట్టి రెక్కల రకాన్ని, మాట మాత్రం అదే. పొడుగు తోక, హాఫ్‌మూన్, క్రౌన్‌టెయిల్ లాంటి తోక రకాలన్నీ ఈ ఒక్క చేపలోంచి మనుషులు ఏరి ఏరి తీసుకొచ్చినవే.

ఆ వరి పొలం సంగతి గుర్తు పెట్టుకోండి. నీళ్ళు ఎందుకు తక్కువ పోయాలి, ఎందుకు వెచ్చగా ఉంచాలి, ఫిల్టర్ ఎందుకు ఆపాలి అని వచ్చే సందేహాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

జంటను కొనే ముందు ఏమేం సిద్ధంగా ఉండాలి?

మేత. జంట కంటే ముందు మేత. ఈత మొదలుపెట్టిన పిల్ల జీలకర్ర గింజలో సగం ఉంటుంది. దాని నోట్లో పట్టేది, పైగా కదిలేది అయితేనే తింటుంది. షాపులో డబ్బాలో దొరికే పొడి మేత ఏదీ మొదటి రెండు వారాలు నమ్ముకోదగ్గది కాదు. కాబట్టి జంటను కలపడానికి కనీసం రెండు వారాల ముందే ఇన్‌ఫ్యూసోరియా (కంటికి ఆననంత చిన్న నీటి జీవులు) సీసా పెట్టాలి, మైక్రోవర్మ్స్ (సన్నటి పురుగులు) డబ్బా నడుస్తూ ఉండాలి, ఆర్టీమియా (ఉప్పు నీళ్ళలో పెరిగే, రొయ్య జాతి చిన్న జీవి) గుడ్లు తెచ్చుకుని ఒకసారి పొదిగించి చూసుకోవాలి.

ఆ ‘పొదిగించి చూసుకోవాలి’ అన్న ముక్క నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. నా మొదటి బ్యాచ్‌లో రెండు వందల పైనే పిల్లలు. ఆర్టీమియా గుడ్లు ఒక షాపులో చిన్న ప్లాస్టిక్ కవర్‌లో విడిగా కట్టి ఇచ్చారు. పిల్లలు ఈదడం మొదలెట్టిన రోజు ఉప్పు నీళ్ళలో వేశాను, 24 గంటలు, 36 గంటలు, రెండు రోజులు చూశాను, ఒక్కటీ పగల్లేదు. పాతవో, తేమ తగిలినవో. ఇంకో చోట తెచ్చి పొదిగించేసరికి పిల్లలకి ఏడో రోజు. అప్పటికే ట్యాంకు అడుగున సన్నటి బూడిద దారాల్లా పడి ఉన్నాయి. ఆ బ్యాచ్‌లో చివరికి మిగిలినవి తొమ్మిది. గుడ్లు కొన్న రోజే చిటికెడు వేసి పరీక్షించి ఉంటే ఇది జరిగేది కాదు.

మేత తర్వాత ఆలోచించాల్సింది చోటు. వంద పిల్లలు బతికాయనుకోండి, అందులో నలభై యాభై మగవి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో సీసా కావాలి, ఆ సీసాలన్నిటికీ నీళ్ళు మార్చాలి. మూడు నెలల దాకా ఊరెళ్ళే పని, పెళ్ళిళ్ళు, పరీక్షలు ఏమైనా ఉన్నాయేమో క్యాలెండర్ చూసుకోండి. ఉంటే ఇప్పుడొద్దు.

షాపులో నచ్చిన మగది, నచ్చిన ఆడది తెచ్చి వేసేయొచ్చా?

వేయొచ్చు, కొన్నిసార్లు కుదురుతుంది కూడా. కానీ షాపులో పెద్ద పెద్ద రెక్కలతో మెరిసిపోయే మగది తరచుగా వయసు పైబడింది అయ్యుంటుంది. బ్రీడింగ్‌కి నాలుగు నెలల నుంచి సంవత్సరం లోపు చేప మంచిది. మన షాపులకు వచ్చే సరుకులో చాలా భాగం చెన్నై కొళత్తూరు వైపు నుంచి వస్తుంది, వయసు చెప్పగలిగే వాళ్ళు దారిలో ఎవరూ ఉండరు. అందుకే వీలైతే పెంచినవాళ్ళ దగ్గరే నేరుగా తీసుకోండి, తల్లిదండ్రుల ఫోటోలు అడగండి.

మొదటిసారి అయితే ప్లాకట్ జంట తీసుకోండి. పొట్టి రెక్కలు, చురుకు ఎక్కువ, ఆడదాన్ని చుట్టుకోవడం తేలిక. గులాబీ రేకుల్లా మడతలు పడిన బరువైన తోకల మగవి ఈదడానికే ఆయాసపడతాయి, ఇక చుట్టుకోవడం ఏం చేస్తాయి. తోక రెండుగా చీలి ఉండే రకం చేపలు రెండింటినీ కలిపితే వెన్ను పొట్టిగా, వంకరగా ఉండే పిల్లలు ఎక్కువొస్తాయి. మందపాటి పొలుసుల డ్రాగన్ రకంలో కొన్నిటికి ఆ పొలుసు కంటి మీదికి పెరిగి చూపు పోతుంది, అలాంటిది తీసుకుంటే పిల్లలకూ అదే రావొచ్చు. ఆడది మగదానికంటే కొంచెం చిన్నదిగా ఉంటే చుట్టుకోవడానికి సరిపోతుంది.

అది నిజంగా ఆడదేనని ఎలా తెలుస్తుంది? ఆడదని ఇచ్చారు, కలిపితే రెండూ చంపుకున్నంత పని చేశాయి.

ప్లాకట్ మగదాన్ని ఆడదనుకుని అమ్మడం మామూలే, కావాలని చేశారని కాదు, చిన్నప్పుడు నిజంగానే ఒకేలా ఉంటాయి. పొట్ట కింద, ముందు రెక్కలకి వెనకగా, తెల్ల ఆవగింజ అంటించినట్టు ఒక చుక్క చూడండి. గుడ్లు బయటికొచ్చే చోటు అదే. ఎదిగిన ఆడదానికి అది స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న మగవాటికి కూడా ఒక్కోసారి అలాంటి చుక్క కనిపిస్తుంది కాబట్టి అదొక్కటే చూసి సరిపెట్టుకోకండి. టార్చి వెనక నుంచి వేసి చూస్తే పొట్ట మీద భాగంలో పసుపు పచ్చగా త్రికోణంలా అండాశయం కనిపిస్తే ఇక అనుమానం లేదు. ముదురు రంగు చేపల్లో ఇది కనపడదు. అలాంటప్పుడు కొన్ని రోజులు విడిగా పెట్టి చూడండి.

కలపడానికి ముందు ఎన్ని రోజులు మేపాలి?

పది నుంచి పద్నాలుగు రోజులు. రెండింటినీ వేరువేరుగా, ఒకదానికొకటి కనపడకుండా, రోజుకి రెండుసార్లు మంచి మేత. దోమ లార్వాలు దొరికితే అంతకంటే మంచిది లేదు. కానీ దోమల్ని పెంచే బకెట్టు మీద సన్నటి వల తప్పనిసరిగా కట్టండి, ఒక్క రోజు మర్చిపోతే మీ ఇంటికే కాదు, పక్కింటికీ డెంగ్యూ తెచ్చిపెట్టినవాళ్ళు అవుతారు. ట్యూబిఫెక్స్ పురుగులు మురుగులోంచి పట్టుకొచ్చేవి, నేను వాడను. ఆడదాని పొట్ట గుండ్రంగా నిండితే సిద్ధమైనట్టు.

ట్యాంకు ఎంతది కావాలి? నీళ్ళు నాలుగైదు అంగుళాలే ఎందుకు?

20 నుంచి 40 లీటర్ల ట్యాంకు, లేదా అంత వైశాల్యం ఉన్న ప్లాస్టిక్ టబ్బు చాలు. అడుగున ఇసుక, రాళ్ళు ఏమీ వద్దు, గుడ్లు పడితే మగదానికి కనపడాలి. నీళ్ళు నాలుగు నుంచి ఆరు అంగుళాలు. కిందికి జారిన ప్రతి గుడ్డునీ, ఆ తర్వాత ప్రతి పిల్లనీ మగది నోటితో పట్టుకుని పైకి తేవాలి, రోజుకి కొన్ని వందల సార్లు. అడుగున్నర లోతు పోసి పెడితే అది అలిసిపోతుంది, మధ్యలోనే వదిలేస్తుంది.

ఒక మూలన థర్మకోల్ కప్పు నిలువుగా సగానికి కోసి గాజుకి అంటించండి, దాని కింద మగది నురగతో గూడు కడుతుంది. ఇంకో వైపు ఆడది దాక్కోవడానికి గుబురుగా మొక్కలు వేయండి, జావా మాస్ అయినా, వేళ్ళు పొడుగ్గా ఉన్న గుర్రపు డెక్క ఒకటైనా సరిపోతుంది. చెరువులోంచి తెచ్చిన మొక్కలైతే మాత్రం వారం పది రోజులు విడిగా బకెట్టులో ఉంచి గమనించండి. తూనీగ పిల్ల ఒక్కటి దాక్కుని వచ్చిందంటే మీ చేప పిల్లల్ని రోజూ లెక్కపెట్టుకుని తింటుంది.

హీటర్ 27, 28 డిగ్రీల దగ్గర. ఫిల్టర్ ఆపేయండి, గూడు చెదురుతుంది.

బోరు నీళ్ళా, మున్సిపల్ నీళ్ళా, ఆర్‌ఓ నీళ్ళా?

మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ఒకటి రెండు రోజులు వెడల్పు బకెట్టులో ఎండకి పెట్టి వాడండి, లేదా క్లోరిన్ తీసే ద్రావణం వేయండి. బోరు నీళ్ళు మన దగ్గర చాలా చోట్ల బాగా కఠినం, బకెట్ల మీద తెల్లగా పేరుకుంటుంది చూడండి, అలాంటి చోట సగం బోరు, సగం ఆర్‌ఓ కలపండి. పూర్తిగా ఆర్‌ఓ నీళ్ళు వద్దు, లవణాలేవీ లేని నీళ్ళలో పీహెచ్ నిలకడగా ఉండదు. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, అంకె కంటే రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం.

ఇక బాదం ఆకు. బాదం పప్పు కాసే చెట్టు కాదు, మన వీధుల్లో, బడుల్లో గొడుగులా పరుచుకుని పెరిగే బాదం చెట్టు. ఎర్రబడి దానంతటది రాలి ఎండిన ఆకు ఒకటి కడిగి వేయండి. నీళ్ళు పల్చటి టీ రంగులోకి వస్తాయి, ఫంగస్ కొంత అదుపులో ఉంటుంది, నీళ్ళ పీహెచ్ కొంచెం తగ్గుతుంది, ఆకు కుళ్ళే చోట పిల్లలు తినే సూక్ష్మజీవులు పుడతాయి. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లలో అమ్ముతున్నారు, మీ వీధి చివర చెట్టు కిందే దొరుకుతుంటే కొనకండి. రోడ్డు పక్క దుమ్ము, పురుగు మందు పడిన చోటివి మాత్రం ఏరొద్దు.

జంటను ఎలా కలపాలి? కొట్టుకుంటుంటే విడదీయాలా?

మగదాన్ని ముందు రోజు ట్యాంకులో వదలండి. ఆడదాన్ని రెండు వైపులా కోసిన ప్లాస్టిక్ సీసా గొట్టంలో పెట్టి అదే ట్యాంకులో నిలబెట్టండి, ఒకదాన్నొకటి చూసుకుంటాయి, తగలవు. మగది ఒకటి రెండు రోజుల్లో నురగ గూడు కడుతుంది. ఆడదాని ఒంటి మీద నిలువు చారలు తేలి, తల కిందికి వంచి దాని వైపు తిరుగుతుంటే ఒప్పుకున్నట్టు. అడ్డ చారలు కనిపిస్తే భయపడుతోందని అర్థం, ఇంకో రోజు ఆగండి. నేను సాయంత్రం వదులుతాను, చాలాసార్లు తెల్లారేసరికో, మర్నాడు మధ్యాహ్నానికో గుడ్లు పడతాయి.

తరమడం, కొరకడం, రెక్కలు చిరగడం మామూలే, చూస్తే గుండె ఝల్లుమంటుంది కానీ రెక్కలు మళ్ళీ వస్తాయి. విడదీయాల్సింది ఎప్పుడంటే: పొలుసులు ఊడి గాయం కనిపిస్తే, ఆడది మూలన పక్కకి ఒరిగి ఊపిరి ఎగబీలుస్తుంటే, లేదా ఆడదే మగదాన్ని చితకబాదుతుంటే. ఇది కూడా జరుగుతుంది. మూడు రోజులైనా ఏమీ జరక్కపోతే తీసేసి, వారం మేపి మళ్ళీ చూడండి.

గుడ్లు పెట్టేటప్పుడు ఏం జరుగుతుంది?

ఒక్కసారైనా దగ్గర కూర్చుని చూడండి, శబ్దం చేయకుండా, లైటు తగ్గించి. మగది గూడు కింద ఆడదాన్ని తన ఒంటితో చుట్టేస్తుంది, విల్లులా వంగి. కొన్ని సెకన్లు రెండూ కదలవు. విడిపోయాక ఆడది స్పృహ తప్పినట్టు పక్కకి తేలుతుంది, చచ్చిపోయిందేమోనని మొదటిసారి నేను చెయ్యి పెట్టబోయాను కూడా. ఆ క్షణంలోనే తెల్ల గసగసాల్లాంటి గుడ్లు ఐదో పదో కిందికి జారతాయి, మగది తలకిందులుగా దూకి ఒక్కొక్కటే నోట్లో వేసుకుని పైకొచ్చి గూట్లోకి ఊదుతుంది. మొదట్లో ఊరికే చుట్టుకుంటాయి, గుడ్లు పడవు, కంగారు పడొద్దు. మూడు నాలుగు గంటలు ఇదే సాగుతుంది. వంద నుంచి మూడు నాలుగు వందల దాకా గుడ్లు పడొచ్చు.

అయిపోయాక మగది ఆడదాన్ని గూడు దగ్గరికి రానివ్వదు. అప్పుడు ఆడదాన్ని నెమ్మదిగా, గూడు కదలకుండా తీసి, బాదం ఆకు వేసిన శుభ్రమైన నీళ్ళలో ఒంటరిగా వదిలి విశ్రాంతినివ్వండి.

మగది గుడ్లన్నీ తినేసింది. ఏం తప్పు చేశాను?

బహుశా ఏమీ లేదు. మొదటిసారి తండ్రైనవి చాలా తింటాయి, రెండోసారికో మూడోసారికో నేర్చుకుంటాయి. ఫలదీకరణ కాని గుడ్లని, ఫంగస్ పట్టినవాటిని తినడం దాని పనే. ఇవి కాక మనం చేసే తప్పు ఒకటుంది, ప్రతి అరగంటకీ మూత తీసి ఫోన్ ఫ్లాష్ వేసి వీడియో తీయడం. అది బెదిరితే గూడుకి ముప్పు వచ్చిందనుకుని తినేస్తుంది. ట్యాంకు మూడు వైపులా కాగితం అంటించండి, రాత్రి గదిలో ఎక్కడో ఒక చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి, పడిన గుడ్లు దానికి కనపడటానికి.

వరసగా మూడు నాలుగు సార్లు తినే మగది ఉంటే గుడ్లని కప్పుతో తీసి, రెండంగుళాల లోతు నీళ్ళలో కొంచెం మిథిలీన్ బ్లూ (ఫంగస్ ఆపే నీలం మందు) వేసి విడిగా పొదిగించొచ్చు. నేను తండ్రికే వదులుతాను, ఫంగస్ పట్టిన గుడ్డుని అది ఏరినంత బాగా మనం ఏరలేం.

మగదాన్ని ఎప్పుడు తీయాలి?

28 డిగ్రీల దగ్గర గుడ్లు ఒకటిన్నర రోజు అటూ ఇటూగా పగులుతాయి. పిల్లలు మొదట తోక కిందికి వేలాడుతూ గూటికి అంటుకుని ఉంటాయి, జారి పడితే తండ్రి మళ్ళీ తెచ్చి పెడుతుంది. ఇంకో రెండు మూడు రోజులకి అడ్డంగా, పెద్ద చేపల్లా ఈదడం మొదలుపెడతాయి. ఎక్కువ భాగం అలా ఈదుతున్న రోజు మగదాన్ని తీసేయండి. ముందే తీస్తే జారినవి అడుగున మిగిలిపోతాయి, ఆలస్యం చేస్తే తినడం మొదలెట్టొచ్చు.

మొదటి వారం పిల్లలకి ఏం పెట్టాలి?

పగిలిన మొదటి రెండు మూడు రోజులు ఏమీ వద్దు, పొట్టలోని సొన తాగి బతుకుతాయి. అడ్డంగా ఈదిన రోజు నుంచి ఇన్‌ఫ్యూసోరియా, అంటే కంటికి ఆననంత చిన్న నీటి జీవులు. పాత ట్యాంకు నీళ్ళు ఒక లీటరు గాజు సీసాలో పోసి, ఒక క్యాబేజీ ఆకు ముక్కో, గుప్పెడు ఎండు గడ్డో, బాదం ఆకో వేసి, గుడ్డ కట్టి, ఎండ నేరుగా పడని వెలుగులో పెట్టండి. మొదట నీళ్ళు పాలలా తెల్లబడి కంపు కొడతాయి, అది బ్యాక్టీరియా, ఆ నీళ్ళు పొయ్యకండి. ఐదారు రోజులకి తేటపడి వాసన తగ్గుతుంది. అప్పుడు టార్చి వేసి చూస్తే దుమ్ము రేణువుల్లా కదులుతూ కనిపిస్తాయి. పైభాగం నీళ్ళు సిరంజితో తీసి రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం వేయండి.

ఈత మొదలైన రెండో మూడో రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా కూడా మొదలుపెట్టండి. పెద్దవి తినగలుగుతాయి, చిన్నవి ఇన్‌ఫ్యూసోరియా మీద ఉంటాయి, రెండూ కలిసి నడవాలి.

కోడిగుడ్డు సొన ఉడికించి గుడ్డలో పిండి వేయమంటున్నారు?

వద్దు. బతికించినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ అది కదలదు కాబట్టి ఈ పిల్లలు సరిగా తినవు, నాలుగు గంటల్లో నీళ్ళు పాడవుతాయి, నీళ్ళు పాడైతే మార్చడానికి ఆ వయసులో వీలుండదు. ఒక్క చుక్క ఎక్కువైతే ట్యాంకంతా పోతుంది.

ఆర్టీమియా పొదిగించే పద్ధతి చెప్పండి.

లీటరు నీళ్ళకి 25 గ్రాముల రాళ్ళ ఉప్పు. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా పెట్టండి, ఎయిర్ పంపు గొట్టం అడుగు దాకా వెళ్ళాలి, గుడ్లు ఎక్కడా ఆగకుండా తిరుగుతూ ఉండాలి. పావు చెంచా గుడ్లు చాలు. పైన బల్బు. 27, 28 డిగ్రీలుంటే 24 గంటలకి నీళ్ళు నారింజ రంగుకి వస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలేస్తే గుడ్డు పెంకులు పైకి తేలతాయి, కింద ఒక పక్క టార్చి పెడితే పిల్లలన్నీ అక్కడ గుంపు కడతాయి. సన్నటి గొట్టంతో వాటిని మాత్రం లాగి, పాత తెల్ల చేతిరుమాలులో వడకట్టి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి వేయండి. పెంకులు పడకూడదు, మింగితే పిల్లల పేగుకి అడ్డం పడతాయి.

రెండు సీసాలు పెట్టుకుని రోజు మార్చి రోజు తిప్పండి. పొదిగిన మొదటి గంటల్లోనే బలం ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తమ సొన తామే తాగేసి డొల్ల అవుతాయి.

మంచి గుడ్లు ఎక్కడ దొరుకుతాయంటే, కోస్తాలో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే అడగండి. కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు రొయ్యల హేచరీల్లో రొయ్య పిల్లలకి వేసేది ఈ ఆర్టీమియానే, అక్కడికి సీలు వేసిన టిన్నులు వస్తాయి. టిన్ను ఒక్కరికి ఎక్కువ, ముగ్గురు నలుగురు కలిసి పంచుకోండి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి.

ఆర్టీమియా వేసిన పావుగంటకి భూతద్దం పెట్టి చూడండి. రెండు కళ్ళు, ఒక దారంలా ఉండే పిల్లకి పొట్ట దగ్గర నారింజ రంగు చుక్క వెలుగుతూ ఉంటుంది. ఆ చుక్క కనిపించిన పిల్ల తిన్నది. నేను రోజూ పొద్దున్నే చూసేది దాన్నే, పొట్ట చుక్కలు ఎన్ని ఉన్నాయో, చుక్క లేనివి ఎన్నో.

ఎయిర్ పంపు, ఇదంతా కుదరదు. ఇంకేదైనా ఉందా?

మైక్రోవర్మ్స్. ఎవరి దగ్గరైనా ఒక చెంచా విత్తనం తెచ్చుకోండి. ఓట్స్ జావలా ఉడికించి, చల్లారాక చిటికెడు ఈస్ట్ వేసి, మూతకి బెజ్జాలు పెట్టిన డబ్బాలో పరిచి విత్తనం వేస్తే మూడు నాలుగు రోజులకి సన్నటి పురుగులు గోడలెక్కుతాయి. వేలితో తుడిచి నీళ్ళలో ముంచడమే. పుల్లటి వాసన వస్తుంది, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. రెండు మూడు వారాలకి ఒకసారి కొత్త డబ్బా మొదలుపెట్టాలి. ఇవి అడుగుకి చేరిపోతాయి, బలం కూడా ఆర్టీమియా కంటే తక్కువ. వీటితో పిల్లలు బతుకుతాయి, ఎదుగుదల మాత్రం నెమ్మది.

నీళ్ళు ఎప్పుడు మార్చాలి?

మొదటి వారం మార్చొద్దు. రోజూ అర అంగుళం చొప్పున, అదే వేడి ఉన్న నీళ్ళు గాలి గొట్టం ద్వారా బొట్లు బొట్లుగా కలుపుతూ మట్టం పెంచండి. రెండో వారం నుంచి గాలి గొట్టంతో అడుగు మురికి తెల్ల మగ్గులోకి లాగండి. తెల్లది ఎందుకంటే దాంతోపాటు వచ్చేసిన పిల్లలు అందులో కనిపిస్తాయి, చెంచాతో తీసి వెనక్కి వేసేయొచ్చు. అప్పుడే స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, బుడగలు లెక్కపెట్టగలిగినంత నెమ్మదిగా నడపండి. నెల దాటాక పెద్ద ట్యాంకు, వారానికి రెండు మూడు సార్లు సగం నీళ్ళు. ఈ వయసులో పిల్లలు పెరగడం లేదంటే మేత తక్కువ అయ్యుండొచ్చు, కానీ నేను ముందు అనుమానించేది నీళ్ళనే.

రోజూ పదేసి చనిపోతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

వయసుని బట్టి చూడాలి. నాలుగు నుంచి పదో రోజు లోపు అయితే దాదాపుగా ఆకలి. పొట్టలు చూడండి. రెండో వారంలో గుంపుగా పోతే నీళ్ళలో మిగిలిన మేత కుళ్ళి ఉంటుంది. పిల్లలు అడుగున పొట్ట మీద పాకుతూ పైకి లేవలేకపోతుంటే గాలి తిత్తి దెబ్బతింది, ఆర్టీమియా అతిగా తిన్నవాటిలో ఇది ఎక్కువ చూశాను, ఒకేసారి ఎక్కువ వేసే బదులు కొంచెం కొంచెం నాలుగుసార్లు వేయండి.

అన్నిటికంటే భయపడాల్సింది వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బుకి. చీకట్లో టార్చి పక్క నుంచి వేస్తే ఒంటి మీద సన్నటి పసుపు పొడి చల్లినట్టు మెరుస్తుంది, రెక్కలు ముడుచుకుంటాయి. రెండు రోజుల్లో ట్యాంకు ఖాళీ చేస్తుంది. పిల్లలకి వచ్చాక తగ్గించడం చాలా కష్టం, అందుకే తల్లిదండ్రుల్ని కలపకముందే రెండు వారాలు విడిగా ఉంచి గమనించమనేది. వేరే ట్యాంకులో ముంచిన వల, గొట్టం ఇందులో పెట్టకండి.

మొదటిసారి రెండు వందల్లో ముప్పై నలభై మిగిలితే మీరు బాగానే చేసినట్టు.

మూత ఎందుకు అంత గట్టిగా పెట్టమంటారు?

ఫైటర్‌కి మొప్పలతోపాటు తల లోపల గాలి పీల్చే అవయవం ఒకటి ఉంటుంది, అందుకే పైకొచ్చి గాలి మింగి వెళ్తుంది. పిల్లల్లో అది మూడు నాలుగు వారాలప్పుడు తయారవుతుంది. అప్పుడు నీటి పైనున్న గాలి కూడా నీళ్ళంత వెచ్చగా, తేమగా ఉండాలి. వంటింటి ప్లాస్టిక్ రేకు కప్పి చిన్న సందు వదలండి. డిసెంబర్, జనవరిల్లో హైదరాబాద్ రాత్రులు, ఏప్రిల్‌లో పొడిగాలి, రెండూ ప్రమాదమే. కరెంటు పోతే ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పండి. విజయవాడ, రామగుండం లాంటి చోట మే నెలలో అసలు మొదలుపెట్టకండి, నీళ్ళు చల్లబరచడం వేడి చేయడం కంటే కష్టం.

ఎప్పుడు విడదీయాలి?

ఆరు నుంచి పది వారాల మధ్య, ఒకదాన్ని ఒకటి తరుముతూ మొప్పలు విప్పి చూపించే వాటిని ముందు. తొందరపడి అన్నిటినీ ఒకేసారి సీసాల్లో పెట్టకండి, కలిసి ఈదినంత కాలం బాగా పెరుగుతాయి. గుంపులో రెండు మూడు మిగతావాటికి రెట్టింపు సైజులో కనిపిస్తే వాటిని మాత్రం వెంటనే తీసేయండి, చిన్నవాటిని తింటాయి. ఆడవాటిని చాలాకాలం కలిపే ఉంచొచ్చు.

సీసా లీటరున్నరకి తగ్గకుండా చూడండి. నేను పచ్చడి సీసాలు, హార్లిక్స్ సీసాలు చుట్టాలందరి దగ్గరా అడిగి తెచ్చుకున్నాను. మధ్యలో అట్ట ముక్కలు పెట్టాలి, లేకపోతే రోజంతా పక్కదాన్ని చూసి రెక్కలు విప్పుకుని అలిసిపోతాయి. రెండు రోజులకోసారి నీళ్ళు. నలభై సీసాలకి నాకు గంటన్నర పడుతుంది.

తల్లిదండ్రులు ఎరుపు, పిల్లలు ఇంకోలా వచ్చాయేం?

వాటి తాత ముత్తాతల రంగులు వచ్చి ఉంటాయి. షాపు చేప వంశం మనకి తెలియదు కదా. మార్బుల్ రకమైతే ఒకే చేప ఈ నెల తెల్లగా, వచ్చే నెల నీలం మచ్చలతో మారుతూనే ఉంటుంది. రంగు చూపించి అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవాళ్ళకి చెప్పండి.

అమ్మితే డబ్బులొస్తాయా?

కరెంటు, ఆర్టీమియా, మీ మూడు నెలల సమయం లెక్కేస్తే రావు. షాపులవాళ్ళు ఇచ్చేది తక్కువ. మంచి జంట, పేరు, ఫోటోలు ఉంటే రెండు మూడేళ్ళకి కొంత వస్తుంది. ఎవరికీ ఇవ్వలేనన్ని పిల్లలు వస్తాయనుకుంటే గుడ్లున్నప్పుడే గూట్లో సగం తీసేయండి.

మిగిలినవాటిని దగ్గర్లోని చెరువులో వదలొచ్చా?

వదలొద్దు. ఇది మన చెరువుల చేప కాదు. బతికితే మన చేపల మేత తింటుంది, మీ ట్యాంకులో ఉన్న జబ్బులు వాటికి అంటిస్తుంది. రంగు రంగుల చేప కాబట్టి ముందు కొంగలకే దొరుకుతుంది. అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ఇవ్వండి, సీసా ఎంతుండాలో, నీళ్ళు ఎలా మార్చాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

అదే జంటతో మళ్ళీ ఎప్పుడు చేయించొచ్చు?

ఆడదానికి రెక్కలు పూర్తిగా వచ్చి, పొట్ట మళ్ళీ నిండాలి. కనీసం నెల ఆగండి. మగది పిల్లల్ని కాసిన ఆ నాలుగైదు రోజులు దాదాపు ఏమీ తినదు, బయటికి తీసిన రోజు చూస్తే వెన్ను దగ్గర సన్నబడి ఉంటుంది. మొదటి రోజు కొంచెమే పెట్టండి, రెండు దోమ లార్వాలు చాలు, మర్నాటి నుంచి మామూలుగా మేపండి. తీసిన తర్వాత ఒకటి రెండు రోజులు అది కొత్త సీసా అడుగంతా వెతుకుతూ తిరుగుతుంది, జబ్బు అనుకుని మందులు వేయకండి.